దుకాణానికో బోర్డు

"బిడ్డా, కవరు మీద ఒక పేరున్నది, కాగితంల ఇంకో పేరున్నది."

సఫియా ఉలిక్కిపడింది.

మస్కట్ రూవీ బజారులో, అర్జీలు రాసిచ్చే టైపింగ్ సెంటర్‌లో పక్క కుర్చీ ముసలాయన, గోళ్లలో ఆకాశనీలం రంగు ఇంకిన చేతులతో చంకకర్ర ఒళ్లో పెట్టుకుని, మెడ సాచి ఆమె కాగితంలోకి చూస్తున్నాడు.

నిజమే. కవరు మీద 'హాల్డెన్'. ఉత్తరం మూడో పేరాలో 'మార్బరీ సంస్థలో చేరడం నా చిన్ననాటి కల'.

అదే ఊళ్లో దార్సైట్ పేట ఫ్లాట్‌లో కూచునే, దూరవిద్యగా లండన్ యూనివర్సిటీ చదువు చదివి లా పట్టా తెచ్చుకుంది సఫియా. లా వచ్చింది గానీ లాభం రాలేదు. సొలిసిటర్, అంటే ఇంగ్లండు పద్ధతి లాయరు, కావాలంటే ఏదో ఒక లాయర్ల కంపెనీ రెండేళ్లు దగ్గర పెట్టుకుని పని నేర్పాలి. దాని పేరు ట్రైనింగ్ కాంట్రాక్ట్. దానికోసం తిరిగి తిరిగి సొలసిందే తప్ప సొలిసిటర్ కాలేదు. ఒమన్‌కి ట్రైను లేదు, సఫియాకి ట్రైనింగు లేదు!

పదకొండు కంపెనీలకి ఒకే ఉత్తరం, పేరు మార్చి పంపింది. పదకొండూ గోడకి కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి.

పన్నెండోది హాల్డెన్. ఈ 2008లో మస్కట్ ఆఫీసుకి ఒక్కరినే తీసుకుంటారు. గడువు ఇవాళ, బుధవారం, ఒంటిగంటకి.

గోడ గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది.

"మీరెట్ల పట్టినారు తాతా?"

"హాల్డెనోళ్ల బోర్డు, మార్బరీ బోర్డు రెండూ నేనే రాసిన. ఆ పేర్ల వంపులు నా చేతికి ఎరుకే. రూవీల సగం బోర్డులు నావే. నా పేరు భీమన్న, మాది జగిత్యాల దిక్కు."

సఫియా గబగబా పేరు మార్చబోయింది.

"పేరొక్కటి మారిస్తె ఏమొస్తది? లోపల ఏం రాసినవో చెప్పు, వింట."

చెప్పింది. న్యాయశాస్త్రమంటే ఎనలేని మక్కువ, కష్టపడే తత్వం, కలిసిపోయే గుణం.

భీమన్న పకపకా నవ్వాడు.

"సెలూన్ బోర్డు తీస్కపోయి హోటల్‌కు తగిలిస్తె ఊకుంటరా బిడ్డా? దుకాణానికో బోర్డు! ఆళ్ల గడపే ఎందుకు తొక్కినవో గది రాయి."

"వాళ్లు ఓడల కేసులు చూస్తారు. మా అబ్బా సూర్ రేవులో పడవల మెకానిక్. ఆ పడవల కాగితాలన్నీ చిన్నప్పట్నుంచి నేనే నింపుతాండ."

"మరి గంత మంచి ముచ్చట ఇంట్ల దాసిపెట్టి, మక్కువ గిక్కువ అంటవేంది? ఇష్టమని ఎవడైన చెప్తడు. చేసిన పని చెప్పు."

ఉత్తరం మళ్లీ మొదలైంది. మక్కువ తక్కువైంది, పడవ ఎక్కువైంది.

ఒంటిగంటకి ఇరవై నిమిషాలుండగా కవరు అంటించి లేచింది.

అప్పుడు భీమన్న జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"నాది గూడ జర చదివి చెప్పు బిడ్డా. డ్యూటీల బోర్డు రాస్తుంటె నిచ్చెన మీదికెల్లి పడ్డ, కాలు పోయింది. కంపెనీ మందూబ్, ఆఫీసు కాగితాల పని చూసేటోడు, గీ కాగితం ఇచ్చి పోయిండు. ఒంటిగంటకు మళ్లొస్తడు. ఒప్పుకుంటెనే ఇంటికి టికెటంట."

"మీరే చదువుకోండి తాతా."

"కళ్లద్దాలు రూమ్‌ల మర్చిన."

సఫియాకి ఒళ్లు మండింది.

"నా తప్పు పక్క కుర్చీలోంచి కనబడె, మీ కాగితం చేతిలో ఉన్నా కనబడదా? ఉచితంగా లాయరు సలహా కావాలని చెప్పండి!"

భీమన్న ఆమె మొహంలోకి ఓ క్షణం చూశాడు. తర్వాత కాగితాన్ని మడత మీద మడత పెట్టుకున్నాడు.

"పో బిడ్డా. నీకు ఆలస్యమైతది."

నెల తర్వాత ఇంటర్వ్యూ. హాల్డెన్ కంపెనీలో పెద్ద లాయరు గౌహర్ మేడం ఉత్తరం చేతిలో పట్టుకుని అంది.

"మాకోసం రాసిన ఉత్తరం ఇదొక్కటే. సరే, లాయరు దగ్గరికి రాలేని మనిషికి ఎప్పుడైనా సాయం చేశావా?"

చేసిన పని చెప్పు.

భీమన్న మాట గుర్తొచ్చి సఫియా చెప్పింది. టైపింగ్ సెంటర్, చంకకర్ర, నాలుగు మడతల కాగితం. అన్నీ నిజాలే. చివర్లో మాత్రం, ఆ కాగితం తాను చదివి వినిపించానంది.

ఉద్యోగం వచ్చింది.

అప్పటినుంచీ రూవీలో బోర్డులే ఆమెని చదవడం మొదలెట్టాయి. మందుల షాపు, దర్జీ కొట్టు, టైర్ల దుకాణం... ప్రతి బోర్డూ మెడ సాచి తనవైపే చూస్తున్నట్టుండేది.

ఉండలేక టైపింగ్ సెంటర్‌కి వెళ్లింది. పక్క కుర్చీ ఖాళీ.

"భీమన్న తాత వస్తాండాడా?"

"ఎక్కడి భీమన్న మేడం! ఆ వారమే విమానమెక్కించినారు" అన్నాడు టైపు చేసే జిలాని, తలెత్తకుండా.

ఆఫీసులో మొదటి రోజు గౌహర్ మేడం ఓ ఫైలిచ్చింది.

"మన కక్షిదారు, ఒక కాంట్రాక్టరు ఫైలు. పనివాడు ఇండియా వెళ్లిపోయాడు. కాగితాలు సరిచూసి మూసెయ్."

పై కాగితం మీద నాలుగు మడతల గీతలు.

సఫియా గబగబా చదివింది.

'నేను నిచ్చెన మీద నుంచి పడింది డ్యూటీలో కాదు, సెలవు రోజున, రూమ్ దగ్గర. కంపెనీ మీద నాకే హక్కూ లేదు.'

తేదీ ఆ బుధవారానిదే.

నా తప్పు పట్టిన మనిషి, తనది చూసుకోకుండా ఉంటాడా, చదువుకునే సంతకం పెట్టుంటాడు అనుకుంది. ఆ మాటనే పట్టుకుని వేలాడుతూ కాగితం తిప్పింది.

సంతకం చోట, అంచుల్లో ఆకాశనీలం రంగు అంటిన వేలిముద్ర ఒకటుంది. దాని కింద టైపు చేసిన ఒకే ఒక్క వాక్యం: 'ఇతనికి ఏ భాషలోనూ చదవడం, రాయడం రాదు. టైపింగ్ సెంటర్‌లో చదివి వినిపించగా, విని ఒప్పుకున్నాడు.'