ఫోటోకి పనికిరాని జుట్టు

దువ్వెన పన్ను ఒకటి విరిగి చిట్టి జుట్టులోనే ఉండిపోయింది. తల్లి దాన్ని వెతుకుతుంటే చిట్టి ముక్కు ఎగబీల్చింది. వరండాలో స్టూలు మీద ఆ తల్లీకూతుళ్ళది ముప్పావుగంట నుంచి ఇదే పని. మగ్గుడు నీళ్ళు, అరచేతి నిండా నూనె, రెండు దువ్వెనలు ఖర్చయ్యాయి. జడ మాత్రం ఒక వైపే పూర్తయింది.

"ఆ దువ్వెనకే నోరుంటే నీ మీద కేసు పెట్టేది అక్కా," అంది చిన్నకోడలు, గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగుతూ.

ఆమెకి అలా అనే హక్కుంది. ఆమె జడ నున్నగా, జారుగా నడుం దాటి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి అత్తగారు ముందు కొత్త సోఫా, తర్వాత ఆ జడ చూపిస్తారు. పదేళ్ళుగా ఆ ఇంటికి వండి వార్చే పెద్దకోడలిని మాత్రం ఎవరూ ఎవరికీ చూపించరు. ఆమె తల ముళ్ళపొద. అదే పొద కూతురికీ వచ్చింది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు గానీ, ఆ సామెత ఈ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

పైగా చిన్నకోడలు పనిమంతురాలు. పొద్దున్నే నాలుగున్నరకి లేచి, గది తలుపేసుకుని, గంటంపావు సేపు ఇంట్లో మగవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఒకసారి చెవి పక్కన చురుక్కున కాలి బొబ్బ తేలితే, మన చొక్కాల కోసం ఒళ్ళు కాల్చుకుంది పిచ్చిపిల్ల అని మామగారు కళ్ళు ఒత్తుకున్నారు. చొక్కాలు మూడే. వాటి కాలర్ల ముడతలు పూర్తిగా పోయేవీ కావు. ఆ ముడతల్నే ఆయన మురిసిపోతూ తొడుక్కునేవారు. పెద్దకోడలు దువ్వెన పట్టుకున్న ముప్పావుగంటని మాత్రం అందరూ సోమరితనం కింద జమకట్టారు.

ఆదివారం మామగారికి డెబ్భై నిండుతాయి. తొమ్మిదింటికి ఫోటోగ్రాఫరు వస్తాడు. ఇంటిల్లిపాదీ దిగిన ఫోటో పెద్ద ఫ్రేములో హాలు గోడకెక్కుతుంది. చిన్నకోడలు శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు సంగతి ఎత్తింది.

"ఆ ఫోటో యాభై ఏళ్ళు గోడ మీద ఉంటుంది అత్తయ్యా. మన మధ్యలో ఆ పిచ్చుకగూడు ఎందుకు? పొట్టిగా కత్తిరించేస్తే పీడా పోతుంది."

"దాని జుట్టంటే దానికి ప్రాణం. కత్తిరించను," అంది పెద్దకోడలు. ఆ ఇంట్లో ఆమె కాదన్నది అదే మొదటిసారి.

"మా పుట్టింట్లో ఏడు తరాలు వెతికినా ఇలాంటి తల లేదు. దాని పక్కన నిలబడి నేను ఫోటో దిగను. అది కత్తిరిస్తేనే దిగుతాను."

ఏడు తరాల సంగతి ఎవరికీ తెలీదు. ఆమె తండ్రీ అన్నా ఎప్పుడొచ్చినా నున్నటి గుండ్లతో వస్తారు, శుభ్రమైన మనుషులని మామగారికి వాళ్ళంటే గౌరవం. ఆయన కత్తిరించమనే అన్నారు. చిట్టి తండ్రి పేపరు వెనక్కి ఇంకాస్త జరిగాడు. చిట్టి రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని అన్నం ముందు నుంచి లేచిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే కరెంటు పోయింది. వీధి చివర తీగ తెగిందట, మధ్యాహ్నం దాకా రాదట. ఫోటోగ్రాఫరు డాబా మీద బోలెడు వెలుతురుంది, నాకు కరెంటుతో పని లేదన్నాడు. తొమ్మిదయ్యేసరికి అందరూ ముస్తాబై హాల్లోకి వచ్చారు. చిన్నకోడలి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. చివరికి చిన్నకొడుకు ఓరగా తీసిన తలుపు సందులోంచి పక్కగా బయటికొచ్చి, దాన్ని గభాల్న దగ్గరికి లాగేశాడు.

"తలనొప్పిట. ఫోటోకి రానంటోంది," అన్నాడు నేల చూపులు చూస్తూ. లోపల గడియ పడింది.

మామగారి మొహం ముడుచుకుపోయింది. పెళ్ళాం చేతిలో కీలుబొమ్మ అని కొడుకుని మనసులో తిట్టుకుని, పెద్దకోడలి వైపు తిరిగారు.

"అన్నమాట మీద నిలబడింది చూడు. పుట్టినరోజు పూట నా చిన్నకోడలు లేకుండా ఫోటో ఏమిటి? వెళ్ళి కత్తెర పట్టుకురా."

పెద్దకోడలు భర్త వైపు చూసింది. ఆయన చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. ఇలాంటి మనిషిని నమ్ముకున్నందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది. కత్తెర తెచ్చింది గానీ, జడ చేతిలోకి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫోటోగ్రాఫరు గడియారం చూసుకున్నాడు.

"ఏడవకమ్మా. కత్తిరించుకుంటానని నేనే చెప్పి పిన్నిని తీసుకొస్తా," అంది చిట్టి.

గడియ పడ్డ తలుపు ఎవరు కొట్టినా తెరుచుకోదని చిట్టికి తెలుసు. ఆ గదికి పెరటి వైపు ఇంకో తలుపుంది. దాని గొళ్ళెం సరిగ్గా పడదని దాగుడుమూతలాడే చిట్టికి తప్ప ఎవరికీ తెలీదు. చిట్టి పరిగెత్తింది. హాల్లో అందరూ చిన్నకోడలి దయ కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

గదిలో చల్లారిన ఇస్త్రీ పెట్టె దభీమని కింద పడింది. ఆ వెంటనే చిట్టి గొంతు, సంతోషం పట్టలేక, ఇల్లంతా వినబడింది.

"అమ్మా, పిన్నికీ నా జుట్టే!"