నిమ్మకాయకు పోని ఎరుపు

“పాత ఫిల్టరు ఇటియ్యి చంద్రభాగా, పారేస్తం.”

“పారేసేటిదైతే సంచిల ఎందుకు పెట్టుకుంట?”

మార్కండేయ మందిరం వెనక వసారాలో నీళ్ల మిషన్ ముందు కూర్చుని, చంద్రభాగ పానాతో డబ్బా మూత బిగించింది. లోపల కొత్త ఫిల్టరు, కండెకు నూలు చుట్టినట్టు తెల్లగా ఉంది. ఇప్పుడే తీసిన పాతది ఆమె ఒళ్లో ఉంది. నెల కిందట అదీ అంతే తెలుపు. ఇప్పుడు చద్దరు అంచులా ఎర్రగా ఉంది.

మందిరం పెద్ద రాజారాం గుమ్మంలోంచి కదల్లేదు. నీళ్లు పరీక్ష చేసే సాహెబు ఇంకాసేపట్లో రాబోతున్నాడు. అర్జీ పెట్టింది చంద్రభాగే.

కుంఠా నాకా వెనక నూలుకు రంగులేసే కార్ఖానా నడిపే అంబాదాస్ సేఠ్ ఏడాది కిందట ఆ మిషన్ మందిరానికి దానమిచ్చాడు. ట్యాంకు మీద అతని పేరు జానెడు అక్షరాల్లో ఉంది. బోరు నీళ్లు అందులో వడకట్టి, రోజూ ఇంటికో బిందె మంచినీళ్లు ఇస్తారు. ఫిల్టరు మార్చే పని చంద్రభాగ నేర్చుకుంది. నెలనెలా మార్చింది గానీ, ఒక్క పాత ఫిల్టరూ పారేయలేదు. ఒక్కోదానికి గుడ్డపీలిక కట్టి నెల పేరు రాసి దాచింది. ఇది పన్నెండోది.

“అది పైపు తుప్పు. దానికింత లొల్లా?” అన్నాడు రాజారాం.

“తుప్పో కాదో సాహెబు ముందట తేలుతది.”

“గ్లాసుల నీళ్లు తెల్లగనే ఉన్నయి గదా! నీకేం నొప్పి?”

“ఒక్క బిందె ఎంతసేపొస్తది? పిల్లగాండ్లు తాగేది బోరు నీళ్లే. పొద్దుగాల దేవునికి పోసేటియి ఏం నీళ్లు, రాజారామన్నా? మనకేమో కడిగిన నీళ్లు, మార్కండేయునికి రంగు నీళ్లా?”

రాజారాం గర్భగుడి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. గొంతు తగ్గించాడు.

“అంబాదాస్ ఇంటి అన్నం తిన్నదానివి. జరంత సోంచాయించు.”

“తినుడు బందు పెట్టిన. మూడు నెలలాయె. విడీ ఘర్కుల్ బస్తీల అర్ర కిరాయికి తీసుకొని, బీడీలు చుట్టుకుంట బతుకుతున్న.”

“కార్ఖానాకు తాళం పడితే నలభై ఇండ్లు పస్తులుంటయి. ఆ ఉసురు నీకు తగుల్తది.”

“తాళమెందుకు పడాలె? రంగునీళ్లు సాఫ్ చేసే హౌజు కట్టుమని ఎన్నిసార్లు మొత్తుకున్న! కట్టలే. మందిరంల మిషన్ పెట్టి పేరు రాయించుకున్నడు, సేఠ్!”

బయట జీపు ఆగింది. సాహెబు పడుచువాడు, ఈ మరాఠీ గడ్డ మీదే అక్కల్‌కోట వైపు పుట్టిన తెలుగువాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, “ఇది తుప్పు కాదని ఎట్ల చెప్తరమ్మా?” అన్నాడు.

చంద్రభాగ తుప్పు పట్టిన పానాకు తడిగుడ్డ చుట్టి, మరక పడేదాకా పిండింది. నిమ్మకాయ కోసి మరక మీద రుద్దింది. మరక కరిగి గుడ్డ తెల్లబడింది. మిగిలిన నిమ్మచెక్క ఫిల్టరు మీద పిండి రుద్దింది. ఎరుపు ఎరుపులాగే ఉంది.

“రంగే అనుకుందాం. ఆ కార్ఖానాదేనని ఏంది రుజువు?”

ఆమె సంచి బోర్లించింది. పన్నెండు ఫిల్టర్లు వరసగా పేర్చింది. పదకొండు ముదురు ఎరుపు. ఒకటి మాత్రం లేత గులాబి.

“గీ పీలిక చదువుండ్రి. మే నెల. బాయిలర్ పగిలి కార్ఖానా నెలంత బంద్ ఉండె. ఆ ఒక్క నెలే గిట్ల తేలిపోయింది.”

సాహెబు తలెత్తి ఆమెను చూశాడు. “రంగు సంగతి ఇంత బాగ ఎట్ల తెలుసు?”

“ఆ కార్ఖానాకు రేకులు లేనప్పటి సంది గోలెంల రంగు కలిపిన చేతులు సారూ ఇవి.”

అతను ఫిల్టర్లన్నిటికీ లక్క సీలు వేయించాడు. కాగితం రాసి ఆమె ముందు పెట్టాడు. రాజారాం ఒక అడుగు ముందుకేశాడు.

“చంద్రభాగా, చెయ్యి ఆపు. సంతకం పెట్టినంక మళ్ల ఆ గడప తొక్కలేవు.”

“గోలెం పక్కకెల్లి మన బోరు దిక్కు పోయేటి రంగునీళ్ల మోరీ చూసినంకనే ఆ గడప దిగిన.”

వంకర అక్షరాలతో తాపీగా సంతకం పెట్టి, కలం తిరిగి ఇచ్చింది. సాహెబు కాగితంలో ఖాళీగా మిగిలిన ఒక గీత దగ్గర ఆగాడు.

“రేపు వాళ్ల వకీలు మొదలు అడిగేది ఇదే. పాత పగతోని చేసిండ్రంటడు. అంబాదాస్ సేఠ్ మీకేమైతడు?”

రాజారాం తల దించుకున్నాడు. చంద్రభాగ దించలేదు.

“కొడుకైతడు, సారూ.”