ఒక పూస, రెండు చుక్కలు

మైక్రోస్కోపు తెరమీద, ఒకదాని కింద ఒకటిగా రెండు చుక్కలు మెరిశాయి.

“చూశావా అమ్మాయ్, లోతులో ఇంత దగ్గరగా ఉన్న చుక్కల్ని విడదీసి చూపించిన మొనగాడు నాకు ముందు లేడు,” అన్నారు ప్రొఫెసరుగారు, మీసం దువ్వుకుంటూ.

“స్లైడులో నేను పెట్టింది ఒకటే మెరిసే నలకంత పూస సార్. స్కాన్ మధ్యలో మీరు బల్లకి ఆనుకున్నారు. స్లైడు కిందికి జరిగి, అదే పూస రెండోసారి పడింది.”

“నువ్వు మరీ అంత లోతుకి పోకు.”

పరిశోధన పత్రం అచ్చయింది. కొలతలన్నీ నావే, పేరు మాత్రం ఆయనదొక్కటే.

నెల తిరక్కుండానే ఎవరో తప్పు పట్టుకున్నారు. ఆయన వెంటనే పత్రికకి ఉత్తరం రాశారు: “పొరపాటు నాది కాదు, కొలతలు తీసిన విద్యార్థినిది.”

అందులో నా పేరు ఇంటిపేరుతో సహా ఉంది. మేమిద్దరం విడివిడిగా, స్పష్టంగా కనిపించింది అప్పుడే.