పెట్టెలో పడిన చీటీ

“ఇదేంటమ్మా?” అంటూ ఓనరు ఒక చీటీని ఆవిడ బల్ల మీద పడేశాడు.

కొత్త ఇంకు పెన్నులు రాస్తున్నాయో లేదో చూసి, తుడిచి, పెట్టెల్లో సర్దడం ఆవిడ పని. పెన్నులు తయారయ్యేది ఈ షెడ్డులోనే. పెట్టె మీద పేరు మాత్రం ఒక విదేశీ కంపెనీది.

చీటీ మీద ఉన్నది ఆవిడ చేతిరాతే: “అన్నం తిన్నావా?”

“ఫారిన్ పెన్నని ముచ్చటపడి కొన్నాయనకి పెట్టెలో ఇది దొరికిందట. రాసినవాళ్ళకి ఇవ్వమని కంపెనీకి పంపాడు. వాళ్ళు ఫోన్లో నన్ను ఉతికి ఆరేశారు. ఫారిన్లో కూర్చుని అన్నం తిన్నావా అని ఎవడడుగుతాడమ్మా? మన గుట్టు రట్టయినట్టే కదా!”

ఆవిడ తల దించుకుంది.

“అయినా ఇంట్లో ఒక్కదానివే కదా, ఎవర్ని అడిగావు?”

“ఎవర్నీ కాదండీ. పెన్ను రాస్తుందో లేదో చూడాలంటే ఏదో ఒకటి రాయాలి కదా. పొరపాటున పెట్టెలో పడుంటుంది.”

“ఇంకోసారి పడిందంటే నా ఆర్డరూ పోతుంది, నీ పనీ పోతుంది.”

ఆయన అటు తిరగగానే ఆవిడ గబుక్కున చీటీ తిప్పి చూసింది. వెనక ఎవరిదో తెలియని రాత: “తిన్నానండీ. మీరు తిన్నారా?”

ఆవిడ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. ఇన్నేళ్ళుగా రోజుకో పెట్టెలో చీటీ పెడుతుంటే, జవాబు రావడం ఇదే మొదటిసారి.