బనియను మీద దారం

"పశువుకి చిక్కం కట్టినట్టుంది. నా వల్ల కాదు!"

క్రేన్ డ్రైవర్ ముక్కుకున్న మాస్కు పీకి మంచం మీద పడేశాడు. నిద్రలో ఊపిరాగిపోయే గురకజబ్బుకి డాక్టరిచ్చిన మిషన్ బుసకొడుతూనే ఉంది.

"పగలు కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకోమన్నారుగా," అంది భార్య, కుట్టుమిషన్ దగ్గర కునికిపాట్లు పడుతూ.

"ఇలా కట్టేస్తే నిద్రెలా పడుతుంది? అది సరే, నా బనియన్లన్నిటికీ గుండెల మీద ఈ దారమేంటి?"

"రాత్రిళ్ళు రెండో కొస నా చేతికి కట్టుకుంటాను. మీకు ఊపిరాడుతున్నంతసేపూ కదులుతుంది. కదలకపోతే మిమ్మల్ని లేపుతాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"మరి నువ్వు పడుకునేదెప్పుడే?"

"ఇదిగో, ఇలా కుట్టుమిషన్ మీద."

ఆమె మణికట్టు మీద దారం కోసిన గీత కనిపించింది. అతను కత్తెర అందుకుని బనియను మీది దారం తెంపాడు. మాస్కు పట్టీ తానే బిగించుకున్నాడు.