గుట్ట మీద సిగ్నల్

"పాపం, గాలి సోకినట్టుంది," అంది సత్తమ్మ.

మెట్ల చివర పిట్టగోడ పట్టుకొని ఒకతను తనలో తానే మాట్లాడుకుంటున్నాడు. చెవి దగ్గర నల్లటి డబ్బా ఏదో ఉంది.

దయ్యం పట్టినవాళ్లు, మతి చెదిరినవాళ్లు యాదగిరిగుట్టకు వచ్చి ప్రదక్షిణలు చేయడం ఆమెకు కొత్త కాదు. కొబ్బరికాయల దుకాణంలో కూర్చుని రోజూ చూసేదే.

పక్కన చాయ్ కాచే జానయ్య పకపకా నవ్వాడు.

"గాలి గాదు, గీలి గాదు. సెల్ ఫోనది. ఆలేరు సాయిబు, దుబాయిల పని చేస్తడట. సెలవు మీద వచ్చిండు. ఆలేర్ల సిగ్నల్ దొరకది. గుట్టెక్కితే పట్నం సిగ్నల్ జరంత తగులుతదట."

"తీగ లేకుండనే?"

"తీగ లేకుండనే. దుబాయి ఫోనాయె. ఈడ మోగితే చేసినోనికే గాదు, ఎత్తినోనికి గూడ బిల్లే."

"మరి మోగినప్పుడల్లా ఎత్తుతాండు గదా!"

"పైసలెక్కువైనయేమో!"

సత్తమ్మ నవ్వలేదు. దుబాయి మాట వింటే ఆమె మనసు మనసులో ఉండదు.

తమ్ముడు సైదులు అక్కడే ఉన్నాడు. తల్లి పోయాక ఆమె చేతుల్లోనే పెరిగాడు. భర్త కూడా పోయాక ఆమెకు మిగిలిన మనిషి వాడొక్కడే. నెలనెలా గుట్ట కింది ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి అక్కను పిలిపించేవాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆ పిలుపు లేదు.

మర్నాడు సాయిబు దుకాణం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, మంచినీళ్లు అడిగాడు.

సత్తమ్మ చెంబు అందించి, ధైర్యం చేసింది.

"భాయ్, మా తమ్ముడు సైదులు గూడ దుబాయిలనే ఉంటడు. నీ ఫోన్ల ఒక్కసారి మాట్లాడిస్తవా? బిల్లు నేనిస్త."

చెంబు అతని నోటి దాకా పోలేదు.

"సిగ్నల్ లేదక్కా," అన్నాడు తల వంచుకుని.

అంతలోనే ఫోన్ మోగింది.

అతను చెంబు కింద పెట్టి, పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాడు. "సాబ్... కాగజ్... జర మెహర్బానీ..." అని ఏవో కాగితాల కోసం ఎవరినో బతిమాలుతున్నాడు.

"చూసినవా జానయ్యా?" సత్తమ్మ చెంబు తీసి లోపల పెట్టేసింది. "గాయన ముచ్చట్లకైతే సిగ్నలుంటది. నా తమ్మునికే ఉండది!"

తిరిగి వచ్చిన అతని వైపు ఆమె చూడలేదు.

"నీళ్లయిపోయినయి సాయిబూ."

అతను వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ దుకాణం నీడకు రాలేదు. ఎండలోనే నిలబడేవాడు. సత్తమ్మ పిలవలేదు.

ఒకరోజు ఫోన్ పెట్టేశాక అక్కడే మెట్టు మీద కూలబడి, రుమాలుతో ముఖం కప్పుకున్నాడు. మరునాటి నుంచి కనిపించలేదు.

ఆ వారంలోనే ఒక జీపు డ్రైవరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"సైదులు అక్కవు నువ్వేనా? జర కిందికి రా అక్కా."

జీపులో పొడుగాటి చెక్కపెట్టె ఉంది. మీద ఇంగ్లీషు అక్షరాలు. సత్తమ్మకు చదువు రాదు. చదవాల్సిన అవసరం రాలేదు.

ఆమె ఏడుపు కాస్త సద్దుమణిగాక డ్రైవరు మెల్లగా చెప్పాడు.

"పనికాడ పైనుంచి పడ్డడట. కంపెనీ ఆడనే మట్టి చేస్తమన్నది. లియాఖత్ భాయ్ ఒప్పుకోలే. సెలవంత గీ గుట్ట మీదనే నిలబడి, ఫోన్ల మీద ఫోన్లు మాట్లాడి తెప్పించిండు. నీకు చెప్దామని వచ్చినప్పుడల్లా నోరు రాలేదట. మనిషిని చేతికిచ్చినంకనే చెప్తనన్నడు."

"గా సాయిబేనా? ఏడున్నడు?"

"సెలవు ఒడిసింది. నిన్ననే విమానం ఎక్కిండు."

సత్తమ్మ తలెత్తి పైకి చూసింది. పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు.

"గాయన మా సైదులుకు ఏమైతడు?"

"ఏం గాడక్కా. ఆడ రూముల మీ తమ్ముడు కింది మంచం మీద, గాయన మీది మంచం మీద పండుకునేటోళ్లు."