ఒకే రకం జుట్టు

"కదిలావంటే మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి," అంది పిన్ని.

"కదల్లేదు. ఊపిరి పీల్చుకున్నానంతే," అంది పిల్ల.

స్నానాల గదిలో చిన్న పీట మీద పిల్ల, దాని వెనక బోర్లించిన బకెట్ మీద పిన్ని. ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో ఇదో పెద్ద కార్యక్రమం. తొమ్మిదేళ్ల పిల్లకి తలనిండా స్ప్రింగుల్లాంటి ఉంగరాల జుట్టు. తడి జుట్టుకి గుప్పెడు కండిషనర్ పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వెళుతూ, ఒక్కో పాయా చిక్కు తీస్తోంది పిన్ని. పొడి జుట్టుని దువ్వితే ఉంగరాలన్నీ విడిపోయి తల కాస్తా పొద అయి కూర్చుంటుంది. వాళ్ల నాన్న రెండేళ్లపాటు చేసిన ఘనకార్యం సరిగ్గా అదే. పాపం, ఆయన ఎలక్ట్రీషియన్. కరెంటు తీగల చిక్కులు తప్ప ఇంకో రకం చిక్కులు ఆయనకు తెలియవు.

"చెప్పు పిన్నీ. రేపు వస్తావా, రావా?"

రేపు బడిలో ఈత కొలను తెరుస్తున్నారు. మొదటి రోజు పిల్లలతోపాటు తల్లులు కూడా నీళ్లలో దిగాలట. బడివాళ్లు పంపిన చీటీ నాలుగు రోజులుగా ఫ్రిజ్ తలుపుకి అతుక్కుని ఉంది. 'తల్లి సంతకం' అన్నచోట ఇంకా ఖాళీయే.

"మీ నాన్నని పంపిస్తాలే."

"తల్లి అని రాసుంది. నాన్నకి మీసం తీయించి పంపిస్తావా?"

పిన్నికి నవ్వాగలేదు. "అది కాదే. కొలనులో కలిపే మందు మన జుట్టుకి పడదు. పీచులా అయిపోతుంది."

"మరి నాకో?"

"నీకు ముందే కండిషనర్ దట్టించి, పైన టోపీ తొడుగుతా."

"నువ్వూ తొడుక్కో."

"టోపీలోకి నీళ్లు రాకుండా ఉంటాయా ఏంటి? తల వంచు, నీళ్లు పోస్తా."

పిల్ల తల వంచింది గానీ నోరు మూయలేదు. "మబ్బు కనిపిస్తే చాలు, గొడుగు తెరుస్తావు. నీళ్లంటే అంత భయమా నీకు?"

"ఆఁ, భయమే," అంది పిన్ని.

ఆవిడ ఈ ఇంటికొచ్చి పదకొండు నెలలు. అంతకుముందు, అమ్మ పోయిన దగ్గర్నుంచీ, పిల్ల తన తలమీద నాన్నని తప్ప ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అమ్మదీ ఇలాంటి జుట్టే. తిన్నటి జుట్టువాళ్లకి మన బాధ ఏం తెలుస్తుందని పిల్ల వాదన. పెళ్లినాడు రిజిస్ట్రారు ఆఫీసుకి, ఫొటోల కోసం ముస్తాబై వచ్చిన పిన్నిని మొదటిసారి చూసి, నాన్న వెనకాల నక్కిన పిల్ల మెల్లగా బయటికొచ్చింది. ఆవిడ భుజం మీది ఉంగరాన్ని వేలితో లాగి వదిలింది.

"నీకూ ఉంగరాలేనా?"

"ఆఁ. మనిద్దరిదీ ఒకే రకం," అంది పిన్ని.

మర్నాడే దువ్వెన తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది పిల్ల.

ఆ నమ్మకాన్ని పిన్ని వమ్ము చెయ్యలేదు. ఆవిడ పనిచేసేది మందుల షాపులో. ఉంగరాల జుట్టుతో ఎవరొచ్చినా సరే, మందులిచ్చి ఊరుకోదు. తలకి ఏం రాస్తారో, ఎలా ఆరబెడతారో ఆరా తీసి చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. అవిసె గింజలు ఉడికించి జెల్ తీయడం అలా పట్టుకొచ్చిన విద్యే. ఇప్పుడు ఆ జెల్‌ని అరచేతుల్లో రాసుకుని, జుట్టుని గుప్పిట పట్టి పైకి నొక్కుతుంటే ఉంగరాలు ఒక్కొక్కటే చుట్టుకుంటున్నాయి. ఆవిడకి వారం మొత్తంలో ఇంత హాయి ఇంకెప్పుడూ ఉండదు.

గుమ్మంలో నాన్న ప్రత్యక్షమయ్యాడు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో.

"పొద్దున్న మళ్లీ మాడు వాసన! గీజర్ మూడుసార్లు విప్పి చూశాను. నిక్షేపంలా ఉంది. అయిదింటికే లేస్తావుగా, నీకు తెలియట్లేదా?"

"నాకు జలుబు. ఆదివారమైనా ఆ గీజర్‌ని బతకనివ్వండి," అంది పిన్ని.

ఆయన గొంతు తగ్గించాడు. "రేపు వెళ్లకూడదూ? అక్కడికొచ్చేది కన్నతల్లులని సంకోచమా?"

పిల్ల తలకి పాత నూలు టీషర్టు చుట్టి, ముడి రెండుసార్లు సర్దింది పిన్ని. ఈ పిల్ల ఇలా తల అప్పగించి కూర్చోవడం తనకి ఊరికే దొరకలేదు. ఒక్క మునకలో దాన్ని పోగొట్టుకోవడం ఆవిడ వల్ల కాదు.

పిల్ల లేచి చరచరా వెళ్లిపోయింది. అలిగిందేమోనని పిన్ని బకెట్ మీంచి లేచింది. రెండు నిమిషాల్లో పిల్ల తిరిగొచ్చింది, ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో పెన్ను.

"పెన్ను కోసం నీ హ్యాండ్‌బ్యాగ్ వెతికాను. అందులో సన్నపళ్ల దువ్వెనుంది," అంది.

"అది... ఎవరో షాపులో మర్చిపోయారు."

"సరేలే. ఇక్కడ సంతకం పెట్టు. రేపు అయిదింటికి లేవకు, ఏడింటిదాకా పడుకో."

"ఎలాగే? నా తల తడిస్తే..."

"తడవనీ," అంది పిల్ల. నాన్న వినకుండా ఆయన్ని గుమ్మం బయటికి నెట్టి తలుపు వేసింది. పిన్ని మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో గుసగుసలాడింది.

"ఆ మాడు వాసన గీజర్‌ది కాదనీ, నీది తిన్నటి జుట్టనీ నాకెప్పుడో తెలుసు, అమ్మా."